టవర్లు కూలిన వేళ మాట మోసేవారు

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర గంటల ప్రాంతంలో సుమత్రా దీవి సమీపాన సముద్రగర్భంలో మహాభూకంపం సంభవించింది. దాని తీవ్రత 9.1. ఆ ప్రకంపనలకు అండమాన్ నికోబార్ దీవులు కంపించాయి. అనంతరం సముద్రం పైకి లేచి వచ్చింది. కార్ నికోబార్‌లోని వైమానిక దళ స్థావరం క్షణాలలో తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు కలిపి వంద మందికి పైగా అసువులు బాశారు. దక్షిణాన ఉన్న అనేక దీవులతో టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. ఎవరు బతికి ఉన్నారో, ఏ పల్లె మిగిలిందో, ఎక్కడికి మందులు పంపాలో, ఎక్కడికి మంచినీరు పంపాలో చెప్పేవారు లేకపోయారు.

ఆ ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక హోటలు గదిలో భారతీ ప్రసాద్ అనే మహిళ ఉన్నారు. హైదరాబాదుకు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో ఆమె అక్కడికి వచ్చారు. నిజానికి వారు విపత్తు కోసం వచ్చినవారు కారు. భద్రతా కారణాల వల్ల ఆ దీవుల నుండి హామ్ రేడియో ప్రసారాలకు చాలా ఏళ్లపాటు అనుమతి లభించలేదు. అందువల్ల ప్రపంచమంతటా ఉన్న రేడియో అభిరుచిపరులు అండమాన్ నుంచి ఒక్క పిలుపు వినాలని ఎదురుచూస్తుండేవారు. ప్రభుత్వం ఆ డిసెంబరు మాసానికి అనుమతి ఇచ్చింది. వీయూ4 ఆర్‌బీఐ అన్న పిలుపు సంకేతంతో ఆమె వేలాది మందితో సంభాషిస్తూ వచ్చారు. అంటే, విపత్తు వచ్చేనాటికి యంత్రాలు బల్లమీద సిద్ధంగా ఉన్నాయి. యాంటెన్నా పైకప్పు మీద నిలబడి ఉంది. దానిని వాడడం తెలిసిన మనుషులు దాని పక్కనే ఉన్నారు. భూమి కంపించిన తరువాత వారు వినోద సంభాషణలను ఆపివేశారు. అదే గది అత్యవసర సమాచార కేంద్రమైంది. తరువాతి రోజులలో ఆ బృంద సభ్యులు కార్ నికోబార్‌కు కూడా చేరుకొని, అక్కడ మరొక కేంద్రాన్ని నెలకొల్పి, పోర్ట్ బ్లెయిర్‌లోని అధికార యంత్రాంగంతో అనుసంధానించారు.

ఆ తరంగాల మీద సాగిన సందేశాలు ముఖ్యంగా రెండు విధాలైనవి. ఒకటి, అధికారులకు అవసరమైన సమాచారం: ఏ దీవిలో ఎందరు ఉన్నారు, ఏమి కావాలి, ఏ విమానం ఎప్పుడు దిగుతుంది. రెండవది మరింత చిన్నది. “మీవాడు క్షేమంగా ఉన్నాడు” అన్న ఒకే ఒక వాక్యం. భారత ప్రధాన భూభాగంలో బంధువులు ఉన్న వేలాది కుటుంబాలు ఆ వాక్యం కోసమే ఎదురుచూశాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్లి ఆ దీవులలో స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. టెలిఫోను మోగనప్పుడు ఇంట్లో తల్లి ఎలా గడుపుతుందో, కుమారుని గల్ఫ్ దేశాలకు పంపిన మన పాఠకులకు ఎవరూ వివరించనవసరం లేదు.

హామ్ రేడియో అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొన్ని మాటలు. ఇది మనం వార్తలు వినే రేడియో కాదు. వినడమే గాక మాట్లాడడానికి కూడా వీలున్న సాధనం. లాభాపేక్ష లేకుండా, విజ్ఞానాసక్తితో, ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతి పత్రం పొందినవారు దీనిని వాడతారు. వారిలో ఉపాధ్యాయులున్నారు, రైతులున్నారు, వైద్యులున్నారు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులున్నారు. జోర్డాన్ రాజు హుస్సేన్ కూడా ఒక హామ్. జేవై1 అన్న సంకేతంతో ఆయన సామాన్యులతో సమానంగా తరంగాల మీదికి వచ్చేవారు. మన దేశంలో ఈ అభిరుచికి వందేళ్ల చరిత్ర ఉంది. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు ఈ బాట పట్టారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ సమయంలో బొంబాయి నుండి రహస్యంగా నడిచిన కాంగ్రెస్ రేడియోకు ఉషా మెహతా బృందం కోరగా సాంకేతిక సహాయం చేసినవారు కూడా హామ్‌లే.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఈ పాత పెట్టె ఎందుకని యువకులు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. సెల్‌ఫోన్ మన చేతిలో ఉన్నట్లు కనిపిస్తుంది గాని, అది పనిచేయడానికి మన చేతిలో లేనివి చాలా కావాలి. టవరు నిలబడి ఉండాలి. టవరుకు విద్యుత్తు ఉండాలి. అది పోతే బ్యాటరీ కొన్ని గంటలే ఆదుకుంటుంది, ఆపైన జనరేటరుకు డీజిలు పోసేవాడు నీటిని దాటుకొని రావాలి. టవరు నుండి ఎక్స్ఛేంజీ వరకు వెళ్లే కేబులు తెగకుండా ఉండాలి. ఇవన్నీ బాగున్నా, ఊరు ఊరంతా ఒకేసారి ఫోను చేస్తే ఆ మార్గం కిక్కిరిసిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు ఇదంతా మన కళ్లముందే జరిగింది. అంతటి మహానగరం విద్యుత్తు లేక, ఫోను లేక మూగబోయింది. పక్క వీధిలోని సోదరి ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి కూలిన చెట్లను దాటుకుంటూ నడిచి వెళ్లవలసి వచ్చింది. ఆనాడు హామ్ స్వచ్ఛంద సేవకులు కూడా తమ యంత్రాలతో రంగంలోకి దిగారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచెత్తిన పెను తుపానులో, 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతాన్ని నేలమట్టం చేసిన భూకంపంలో కూడా వివిధ రాష్ట్రాల హామ్‌లు వెళ్లి పనిచేశారు.

మన పెద్దలు ఇప్పటికీ మరువని దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19 నాటిది. పది వేలకు పైగా ప్రాణాలను బలిగొన్న ఆ రాత్రి తంతి స్తంభాలు కూలాయి, రోడ్లు తెగిపోయాయి. ఎంతటి ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. సహాయం ఆలస్యం కావడానికి ప్రతిసారీ దయలేకపోవడమే కారణం కాదు. తెలియకపోవడం కూడా కారణమే.

హామ్ యంత్రం ఇటువంటి వేళ ఎలా పనిచేస్తుంది? దానికి మధ్యలో టవరు అక్కరలేదు. కారులో వాడే 12 వోల్టుల బ్యాటరీ చాలు. యాంటెన్నా అంటే భయపడనక్కరలేదు. రెండు చెట్ల మధ్య బట్టలు ఆరవేసే తాడులా కట్టిన రాగి తీగ కూడా యాంటెన్నాయే. 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 40 మీటర్లు. అందులో సగం, అంటే దాదాపు 20 మీటర్ల తీగ దానికి సరిపోతుంది. ఆ తరంగం ఆకాశంలోకి వెళ్లి, భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన వాయుపొరను తాకి, వంగి, తిరిగి నేలకు దిగుతుంది. అందుచేత మధ్యలో కొండలున్నా, సముద్రమున్నా దూర ప్రాంతానికి మాట చేరుతుంది. ఆ పొర పగలు ఒక విధంగా, రాత్రి మరొక విధంగా ప్రవర్తిస్తుంది. పగటిపూట 14 మెగాహెర్ట్జ్ మీద దూరాలు దాటిన మాట, చీకటి పడ్డాక 7 మెగాహెర్ట్జ్ మీద దాటవచ్చు. ఏ వేళకు ఏ తరంగం అన్నది పుస్తకం చదివి కొంత, చెవి పెట్టి విని మిగతాదంతా నేర్చుకోవాలి. ఊరిలోపల వీధి వీధికీ మధ్య మాటలకు చేతిలో పట్టుకునే చిన్న సెట్లు ఉన్నాయి. వాటి తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి గనుక, ఎత్తైన కొండ మీదనో భవనం మీదనో రిపీటరు అనే యంత్రాన్ని ఉంచితే అది విన్న మాటను మరింత దూరం అందిస్తుంది. గాలిలో గరగర శబ్దం మితిమీరి గొంతు వినబడనప్పుడు మోర్సు సంకేతాలు ఆదుకుంటాయి. మాట మునిగిపోయే చోట ఆ చుక్కా గీతా పైకి తేలుతాయి.

అయితే యంత్రం గురించి ఇంత చెప్పడం వల్ల అసలు సంగతి మరుగున పడకూడదు. ఈ సేవలో కష్టమైనది యంత్రం కాదు, క్రమశిక్షణ. విపత్తు సమయంలో పదుల సంఖ్యలో కేంద్రాలు ఒకే తరంగం మీదికి వస్తాయి. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. అందుచేత ఒక కేంద్రం నియంత్రణ బాధ్యత వహిస్తుంది. అది పిలిస్తేనే మిగతావారు మాట్లాడాలి. పిలవనంతసేపు, అవతల ఏమి జరుగుతున్నా, మౌనంగా వినాలి. ప్రాణాపాయంలో ఉన్నవారి సందేశం వస్తే మిగతా సందేశాలన్నీ పక్కకు తప్పుకోవాలి. గంటల తరబడి ఒక్క మాట కూడా మాట్లాడకుండా హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చోవడం కూడా ఈ సేవలో భాగమే. పేరు ప్రతిష్ఠలు కోరేవారికి ఇది నచ్చదు.

సందేశం అందుకున్నవాడు దానిని తన మాటలలోకి మార్చి చెప్పరాదు. “ముగ్గురికి గాయాలు” అని వస్తే “చాలామందికి దెబ్బలు తగిలాయట” అని పంపరాదు. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఏ సమయాన, ఎక్కడి నుండి అన్నవి వ్రాసుకోవాలి. విన్నదానిని తిరిగి చదివి వినిపించి, సరైనదేనని అవతలివారు చెప్పిన తరువాతనే ముందుకు పంపాలి. పేర్లను ఒక్కొక్క అక్షరంగా, అక్షరానికొక పదం చొప్పున చెప్పాలి. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. రహీం, కరీం అన్న రెండు పేర్లు తుపాను గాలిలో, గరగర శబ్దంలో ఒకేలా వినబడతాయి. ఆంగ్ల అక్షరాలలో మొదటిది రోమియో, ఆల్ఫా, హోటల్, ఇండియా, మైక్. రెండవది కిలో, ఆల్ఫా, రోమియో, ఇండియా, మైక్. ఇలా చెబితే ఇక పొరపాటుకు తావుండదు. ఆ అక్షరాలు తప్పితే, బతికి ఉన్నవాని ఇంట శోకం మొదలవుతుంది. పోయినవాని ఇంట మిఠాయిలు పంచుతారు. మదర్సాలో హదీసు చెప్పేవాడిని గనుక ఇది చదివినప్పుడు నాకు మా పాఠమే గుర్తుకు వచ్చింది. ఎవరు ఎవరి నుండి విన్నారన్న గొలుసు లేకుండా మా దగ్గర ఏ మాటా ముందుకు సాగదు. హామ్‌ల లాగ్ పుస్తకం చూస్తే, ఇతరుల మాటను అమానతుగా మోయడమంటే ఏమిటో వారు వేరే దారిలో వెళ్లి తెలుసుకున్నారనిపించింది.

వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదానినీ చదవకుండానే పదిమందికి తోసివేసే ఈ కాలంలో ఇటువంటి శిక్షణ పిల్లలకు దొరకడం చిన్న విషయం కాదు. విపత్తులో వదంతి కూడా ఒక విపత్తే. ఆనకట్ట తెగిందన్న ఒక్క అబద్ధం చాలు, వృద్ధులను, పసిపిల్లలను తొక్కుకుంటూ జనం పరుగులు తీయడానికి.

హామ్‌ల సేవ తుపానులకే పరిమితం కాదు. పశ్చిమ బెంగాల్‌లో ఏటా సంక్రాంతి సమయాన గంగాసాగర్ మేళా జరుగుతుంది. దేశం నలుమూలల నుండి లక్షలాది యాత్రికులు అక్కడికి వస్తారు. ఆ జనసమ్మర్దంలో వృద్ధులు తప్పిపోతారు. ఊరి పేరు సరిగా చెప్పలేనివారు, స్థానిక భాష రానివారు, మతిస్థిమితం కోల్పోయినవారు అక్కడే మిగిలిపోతారు. వెస్ట్ బెంగాల్ రేడియో క్లబ్ సభ్యులు ఏళ్ల తరబడి ఇటువంటివారిని వారి కుటుంబాలకు చేర్చే పని చేస్తున్నారు. తప్పిపోయిన వ్యక్తి మాట్లాడే యాస విని ఏ ప్రాంతమో ఊహిస్తారు. నోటివెంట వచ్చిన నది పేరో, సంత పేరో పట్టుకుంటారు. ఆ ప్రాంతంలోని తోటి హామ్‌లకు కబురు పంపుతారు. వారు పోలీసులనో, గ్రామ పెద్దలనో కలిసి విచారిస్తారు. చనిపోయారనుకొని ఆశ వదులుకున్న ఇళ్లకు ఇలా మనుషులు తిరిగి చేరిన సందర్భాలు ఉన్నాయి. ఇందులో యంత్రం వాటా కొంతే. తనకేమీ కాని ఒక ముసలి తల్లి కోసం దేశానికి ఆ చివర ఉన్న అపరిచితుడు లేచి విచారించడానికి బయలుదేరడం, అసలు సంగతి అది.

ఇక మన ఇళ్ల సంగతి. ఈ విషయం ప్రస్తావించినప్పుడు కొందరు తల్లిదండ్రులు గొంతు తగ్గించి ఒక సందేహం వెలిబుచ్చుతారు. “ఇంటి మీద తీగలు, లోపల వైర్‌లెస్ సెట్టు కనిపిస్తే ఎవరేమనుకుంటారో మౌలానా! లేనిపోని అనుమానాలు ఎందుకు?” ఆ భయాన్ని తేలికగా తీసివేయడం నాకు ఇష్టం లేదు, అది ఎక్కడి నుండి వస్తుందో నాకు తెలుసు. కాని ఈ విషయంలో చట్టం ఏమి చెబుతుందో తెలిస్తే భయం చాలావరకు తీరుతుంది. అనుమతి పత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ. ప్రతి హామ్‌కు ఒక పిలుపు సంకేతం ఉంటుంది. దానిని చెప్పకుండా మాట్లాడరాదు. రహస్య భాషలో మాట్లాడడం నిషిద్ధం. పలికిన ప్రతి మాటనూ ప్రపంచంలో ఎవరైనా వినవచ్చు. వ్యాపారం మాట్లాడరాదు, పాటలు ప్రసారం చేయరాదు, రాజకీయ వివాదాలు ఎత్తరాదు. ఇంత బాహాటమైన సంభాషణ సాధనం మరొకటి ఉన్నదా? అనుమానానికి తావు అనుమతి లేకుండా వాడినప్పుడే ఉంటుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయని వాకీటాకీలు కొని, అనుమతి లేకుండా మాట్లాడే కుర్రవాళ్లున్నారు. అది నేరం. వారి మాట పోలీసుల తరంగానికో, విమానాల తరంగానికో అడ్డుపడితే ప్రమాదం కూడా. పెద్దలు ఈ విషయంలో కఠినంగా ఉండాలి.

ఆడపిల్లలకు ఇది తగినదేనా అని అడిగేవారికి, పోర్ట్ బ్లెయిర్‌లో ఆ బృందానికి ముందున్నది ఒక మహిళేనని పైన చెప్పాను. ఇంటి పనులు చూసుకుంటూనే, ఇంటి గదిలో కూర్చొనే చేయగల సేవ ఇది. కంటిచూపు లేని హామ్‌లు కూడా ప్రపంచమంతటా ఉన్నారు. వినడమే ప్రధానమైన ఈ విద్యలో వారు ఎవరికీ తీసిపోరు. కాలు కదపలేక మంచానికే పరిమితమైన వ్యక్తి సైతం విపత్తు వేళ నియంత్రణ కేంద్రాన్ని నడపవచ్చు. సహాయం అందుకునేవారి జాబితాలో మనం ఎప్పుడూ వేసే పేర్లు కొన్ని, ఇక్కడ సహాయం చేసేవారి జాబితాలోకి మారతాయి.

హామ్ రేడియోను మరీ ఎక్కువ చేసి చెప్పడం కూడా న్యాయం కాదు. నేడు ప్రభుత్వాల వద్ద ఉపగ్రహ ఫోన్లున్నాయి, పోలీసులకు సొంత వైర్‌లెస్ వ్యవస్థ ఉంది, విపత్తు స్పందన దళాలు ముందుగానే తీరానికి చేరుకుంటున్నాయి. తుపాను హెచ్చరికలు 1977తో పోల్చితే ఎంతో మెరుగుపడ్డాయి. అయినా ఉపగ్రహ ఫోను కలెక్టరు గారి వద్ద ఉంటుంది. లంక గ్రామంలోని పునరావాస కేంద్రంలో ఉండదు. ఆ ఇద్దరి మధ్య మిగిలిన ఖాళీని నింపేది ఆ ఊరి మనిషే. అందుకే ఆ మనిషి బయటి నుండి వచ్చేవాడు కాకుండా అక్కడే ఉండేవాడైతే మేలు. వంతెన తెగిన తరువాత హైదరాబాదు నుండి బృందం చేరడానికి రోజులు పట్టవచ్చు. మన దేశంలో 2007 నాటికి అనుమతి పొందిన హామ్‌లు 16 వేలకు పైగా ఉన్నారని లెక్క. ఇంతటి జనాభాలో అది ఏ మూలకు? అమెరికాలో వారి సంఖ్య 7 లక్షలు దాటింది. పైగా మన దగ్గర అనుమతి పత్రం సంపాదించి, ఒక సెట్టు కొని, అల్మారాలో పెట్టి మరచిపోయేవారు తక్కువేమీ కాదు. వాడని బ్యాటరీ తుపాను రాత్రి పనిచేయదు. సాధన లేని మనిషి సంగతీ అంతే.

నేర్చుకోదలచినవారికి దారి కష్టమైనది కాదు. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష వ్రాయవచ్చు. విద్యుత్తు, రేడియోలకు సంబంధించిన ప్రాథమిక విజ్ఞానం ఒక భాగం. నియమ నిబంధనలు రెండవ భాగం. పదవ తరగతి భౌతిక శాస్త్రం అర్థమైన పిల్లలు కొద్ది నెలల శ్రమతో సిద్ధం కాగలరు. రెస్ట్రిక్టెడ్ అనే మొదటి శ్రేణికి మోర్సు అవసరం లేదు. జనరల్ శ్రేణి కోరుకునేవారు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్సు పంపడం, అందుకోవడం చేయగలగాలి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో సోమాజిగూడ ప్రాంతంలో ఉంది. ఈ విద్యకు మన తెలుగు నేల మీద అది పెద్ద దిక్కు. తీర ప్రాంతాలలోని మస్జిద్ కమిటీలు, పాఠశాలల యాజమాన్యాలు, యువజన సంఘాలు చేయదగిన పని ఒకటి ఉంది. తమ మండలంలో అనుమతి ఉన్న హామ్‌లు ఎవరైనా ఉన్నారా అని విచారించండి. ఉంటే పిలిచి పిల్లలకు ఒక పూట యంత్రం చూపించమనండి. లేకపోతే ఆసక్తి గల ఇద్దరిని ఎంపిక చేసి, పరీక్ష రుసుము, పుస్తకాల ఖర్చు భరించండి. సెట్టు కొనడం ఆ తరువాతి మాట. ముందు అనుమతి పత్రం చేతికి రావాలి. అప్పటివరకు వినడంతో మొదలుపెట్టవచ్చు. షార్ట్‌వేవ్ పట్టే మంచి రిసీవరు ఇంట్లో ఉంటే సాయంత్రం వేళ 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నెమ్మదిగా తిప్పి చూడండి. దూరాన ఎవరో తన సంకేతం చెప్పి, “ఎవరైనా వింటున్నారా?” అని పిలుస్తుండడం మీ పిల్లలకు వినిపించవచ్చు.